గ్రాఫిక్స్ కార్డు మార్చడం ఐదు నిమిషాలే, దాని దాకా వెళ్ళడమే పని

అందరికీ నమస్కారం. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే నాకు మాట రాదు. అందుకే ఈ ఐమ్యాక్‌ని వెంట తెచ్చుకున్నాను. 27 అంగుళాలది, 2011 మోడల్. పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ఒక స్టూడియోది. దాని ఓనరు నా షాపులో దించుతూ, "అన్నా, తెర ఇప్పటికీ అద్దంలా ఉంది. కొత్త సాఫ్ట్‌వేరే ఎక్కట్లేదు. మూలన పడెయ్యడానికి మనసొప్పట్లేదు" అన్నాడు.

ఆయన మాటలో న్యాయం ఉంది. ఇది 2560 బై 1440 చుక్కల ఐపీఎస్ ప్యానెల్, పక్క నుంచి చూసినా రంగు మారని రకం తెర. ఫొటోల పనికి ఇవాళ్టికీ చాలు. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉంది, ర్యామ్ 32 జీబీ దాకా పడుతుంది. అడ్డమల్లా గ్రాఫిక్స్ కార్డే. 2018లో వచ్చిన మొహావీ అనే వెర్షన్ నుంచి మ్యాక్ ఓఎస్‌కి మెటల్ ఉండి తీరాలి. మెటల్ అంటే ఓఎస్ గ్రాఫిక్స్ చిప్పుతో మాట్లాడే భాష అనుకోండి. ఇందులో వచ్చిన రేడియాన్ 6000 వరస కార్డులకి ఆ భాష రాదు. ఆపిల్ లెక్కలో ఈ మిషన్ కథ మొహావీకి ముందొచ్చిన హై సియెర్రాతో ముగిసింది.

మన అదృష్టం, దీంట్లో కార్డు విడిగా ఊడుతుంది. ఇదిగో, చూడండి. ల్యాప్‌టాప్‌ల కోసం పుట్టిన ఎంఎక్స్ఎం కార్డు, అరచేతిలో ఇమిడిపోతుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పెట్టినట్టే ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి బిగించాలి. 2009 చివర్లో వచ్చిన 27 అంగుళాల మోడల్ నుంచి 2011 దాకా ఇదే ఏర్పాటు. 2012 చివర్లో సన్నటి మోడల్ వచ్చింది. తెరని జిగురుతో అతికించారు, గ్రాఫిక్స్ చిప్పుని బోర్డుకే సోల్డర్ చేశారు. అక్కడితో మన పని బంద్. వేరే కంపెనీల ఆల్ ఇన్ వన్, అంటే తెరలోనే కంప్యూటర్ ఉండే మిషన్ తెచ్చి "ఇందులో కూడా మార్చెయ్ అన్నా" అంటారు. చాలావాటిలో మార్చడానికి విడిగా కార్డే ఉండదు. విప్పి చూశాకే మాటివ్వండి.

పాత కార్డు చచ్చిపోతే ఓవెన్‌లో పెట్టి కాల్చే వైద్యం ఒకటి ఉంది. రేడియాన్ 6000 వరసలోని 6970ఎం కార్డుల విషయంలో దీన్ని చాలామంది వాడారు. 2011 మే నుంచి 2012 అక్టోబరు మధ్య అమ్మిన కొన్ని 27 అంగుళాల వాటిలో ఆ కార్డు పోతోందని ఆపిలే 2013లో ఉచితంగా మార్చే పథకం పెట్టింది. అది ముగిశాక జనం వంటింటి మీద పడ్డారు. కాలిస్తే కొన్నాళ్ళు బతుకుతుంది, మళ్ళీ పోతుంది. కస్టమర్ దగ్గర డబ్బు తీసుకుని చేసే పని కాదది.

నేను పెట్టబోయేది ఎన్విడియా క్వాడ్రో కె1100ఎం. 2 జీబీ, 45 వాట్లు. జీటీఎక్స్ 780ఎం పెట్టేవాళ్ళున్నారు, అది వంద వాట్ల పైమాటే. ఆల్బమ్ పనికి లోపల పొయ్యి ఎందుకు చెప్పండి? ఈ రెండూ ఎన్విడియా కెప్లర్ తరం చిప్పులే, మెటల్ వస్తుంది. కానీ 2021లో వచ్చిన మాంటెరీలో కెప్లర్ డ్రైవర్లు తీసేశారు. కాబట్టి దానికి ముందటి బిగ్ సర్ దాకానే ఎక్కిస్తానని స్టూడియో ఓనరుకి ముందే చెప్పాను. అదీ ప్యాచ్ చేసే, అంటే ఈ మిషన్‌కి సరిపడేలా ఓఎస్‌ని మార్చే ఎక్కించాలి.

ఇంకో చిక్కుంది. ఈ కార్డు మ్యాక్ కోసం పుట్టింది కాదు. ఉన్నదున్నట్టు పెడితే ఓఎస్ డ్రైవర్ లేచేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఏ డిస్కు నుంచి బూట్ అవ్వాలో ఎంచుకోవడానికి కూడా ఏమీ కనపడదు. అందుకని మ్యాక్ కోసం మార్చిన వీబయోస్‌ని, అంటే కార్డుని లేపే చిన్న సాఫ్ట్‌వేర్‌ని ముందుగానే ఎక్కించాలి. కార్డు మీదున్న ఈ ఎనిమిది కాళ్ళ చిప్పుకి క్లిప్పు పట్టించి, సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో, అంటే చిప్పులోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే పరికరంతో రాస్తాను. పాతది కాపీ తీసుకోకుండా కొత్తది రాయకండి.

ఇక అసలు కష్టం వేడి. పాత హీట్ సింక్, అంటే చిప్పుల వేడిని లాగే లోహపు దిమ్మ, పాత కార్డు కొలతలకి చేసింది. మెమరీ చిప్పుల మీద వేసే థర్మల్ ప్యాడ్, వేడిని దాటించే మెత్తటి ముక్క, ఒక్క పిసరు మందమైనా చాలు, హీట్ సింక్ అక్కడే ఆగిపోయి మధ్యలోని పెద్ద చిప్పుని తాకదు. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. నేనేం చేస్తానంటే చిప్పుకి థర్మల్ పేస్ట్ రాసి, ఒకసారి బిగించి, మళ్ళీ విప్పుతాను. పేస్ట్ అచ్చు చిప్పు నిండా సమంగా పడితే సరే. ఒక మూలే పడితే ప్యాడ్ మార్చాల్సిందే. ఈ పనికి బద్ధకించి నేను రెండుసార్లు మొత్తం మిషన్ తిరిగి విప్పాను.

విప్పడం సంగతి కూడా వినండి. ముందు గాజు. అయస్కాంతాలతో పట్టి ఉంటుంది, రెండు వాక్యూమ్ కప్పులతో లాగితే వచ్చేస్తుంది. తర్వాత ఎనిమిది టీ10 స్క్రూలు. ప్యానెల్ పైకి లేపగానే వెనకాల నాలుగు కేబుళ్ళు. మొదటిసారి నేను ఆత్రంగా ఎత్తి సన్నటి రిబ్బన్ కేబుల్ తెంపాను. రెండోసారి ప్యానెల్ సెన్సర్ తగిలించడం మర్చిపోయాను, ఫ్యాన్లు పిండిమరలా మోగాయి. ఆ తర్వాత మెయిన్ బోర్డు మొత్తం బయటికి తీస్తేగానీ కార్డు చేతికి రాదు.

పవర్ సప్లై బోర్డుకి మూత లేదు. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది, అటువైపు చెయ్యి పెట్టకండి. సరే, మొదలుపెడదాం. చివరి వరసలో తమ్ముడూ, ఆ గోడ మీది స్విచ్ బోర్డులో దీని ప్లగ్ పీకేసి ఉందా?