సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్: ముందు నిచ్చెన వేయండి, ఫ్రిజ్ తర్వాత చూద్దురు గాని

నమస్కారం అండీ. ఇది డాలస్ దగ్గర అమ్మకానికి పెట్టిన 2014 మోడల్ ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. 22 అడుగులు. మా ఫ్రెండ్ వాళ్లు కొనాలని చూస్తున్నారు, ఓనర్ గారు వీడియో తీసుకోమన్నారు. లోపల టీవీ, సోఫా, మంచాలు అన్నీ నీట్‌గానే ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు నచ్చేవి అవే. నేను మాత్రం వాటిని చివర్లో చూస్తాను.

తలుపు తీయగానే మొదట వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే ఎక్కడో నీళ్లు దిగాయని అర్థమైపోతుంది. రూమ్ ఫ్రెషనర్ ఘాటుగా కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి. పాత ట్రైలర్‌ను పాడుచేసేది ఇంజిన్ కాదు, అసలు దీనికి ఇంజినే లేదు. పాడుచేసేది నీళ్లు.

నిచ్చెన వేసి రూఫ్ పైకి వెళ్దాం. కాస్త కెమెరా ఇటు తిప్పండి. ఈ తెల్లటిది రబ్బర్ షీట్. షీట్ బాగానే ఉంది. ఫ్యాన్ చుట్టూ, ఏసీ పక్కన, ముందు అంచున సందులు మూసే బూడిదరంగు సీలెంట్ కనిపిస్తోంది కదా, లీకులు మొదలయ్యేది అక్కడే. ఈ మూలలో వేలి గోరు దూరేంత పగులు ఉంది. ఎవరో పైన సిలికాన్ పూసి వదిలేశారు. సిలికాన్ మీద అసలు రూఫ్ సీలెంట్ అంటుకోదు, కాబట్టి ముందు దాన్ని గీకి తీయాలి. ఓ ఆదివారం పోతుంది. కొన్నాక ఏడాదికి రెండుసార్లు పైకెక్కి చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

పగులు సరిగ్గా మంచం మీది అల్మారా పైకి వస్తుంది. లోపల టార్చ్ వేసి చూద్దాం. ఇదిగో, ప్లైవుడ్ మీద సన్నటి గోధుమరంగు గీత. అంటే ఎప్పుడో నీళ్లు దిగాయి. స్క్రూడ్రైవర్ పిడితో తడుతున్నాను... గట్టిగా ఉంది. నానిన అప్పడంలా లోపలికి దిగితే మాత్రం అక్కడితో మాటలు ఆపేయండి. తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ 12 శాతం చూపిస్తోంది. 20 దాటితే తడి ఉన్నట్టే. బయట గోడను పక్కనుంచి వెలుతురులో చూడండి, బుడగలా ఉబ్బితే లోపలి పొర విడిపోయినట్టు. ఈ ట్రైలర్‌కు అదృష్టవశాత్తూ అలాంటివి లేవు.

టైర్లు. ట్రెడ్ కొత్తదానిలా ఉంది, అయినా నేను సంతోషపడను. టైర్ పక్కగోడ మీద ఉండే డాట్ నంబర్ (తయారీ కోడ్) చివరి నాలుగు అంకెలు చూడండి: 2316. అంటే 2016లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటిన ట్రైలర్ టైర్‌ను ట్రెడ్ ఎంత ఉన్నా నేను నమ్మను. ఈ ఎండకు రబ్బరు లోపల్లోపలే పాడవుతుంది. హైవే మీద పేలితే కింద ఫ్లోర్‌ను కూడా చీల్చేస్తుంది. స్పేర్‌తో కలిపి ఐదు టైర్ల ఖర్చు బేరంలో తగ్గించమనండి.

జాకీ పెట్టి చక్రాన్ని తిప్పండి. గరగరమన్నా, పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలినా బేరింగ్ పని ఉంది. ఏడాదికోసారి గ్రీజు మార్చాలి. మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

నీళ్ల పంపు ఆన్ చేసి కుళాయిలన్నీ కట్టేయండి. కాసేపటికి పంపు దానంతట అదే మళ్లీ తిరిగిందంటే ఎక్కడో కారుతోంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో గడ్డకట్టే చలికి ఇళ్లల్లోనే పైపులు పగిలాయి, ట్రైలర్ల సంగతి చెప్పక్కర్లేదు. చలికాలం ముందు నీళ్లన్నీ తీసేసి పైపులు గడ్డకట్టి పగలకుండా ఇలాంటి ట్రైలర్లకు వాడే గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ పోయాలి, కారుకు వాడేది కాదు.

గ్యాస్, కరెంట్ రెండిటి మీదా నడిచే ఈ ఫ్రిజ్‌కు కంప్రెసర్ లేదు, చల్లబడటానికి గంటలు పడుతుంది. అందుకే ముందురోజు రాత్రే ఆన్ చేసి ఉంచమని ఓనర్‌కు చెప్పాం. వెనక మూత తీస్తే అమోనియా వాసన గానీ, పసుపు పొడి గానీ ఉండకూడదు. గ్యాస్ జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి, బుడగలొస్తే లీకే. గ్యాస్ అలారం నేల దగ్గర ఎందుకుందంటే, ప్రొపేన్ గాలి కన్నా బరువు. తిరగమోత మాత్రం బయట స్టవ్ మీద పెట్టుకోండి, లేకపోతే పొగ అలారం గోల తట్టుకోలేరు.

ఇంకో మాట. ఒడిస్సీ, సియెన్నా లాంటి మినీవ్యాన్లు లాగగలిగే బరువు 3,500 పౌండ్ల వరకే. ఈ ట్రైలర్ స్టికర్ మీద సామానుతో కలిపి నిండు బరువు 5,800 పౌండ్లు. మన మినీవ్యాన్‌తో కుదరదు. అమ్మేవాళ్లు చెప్పే ఖాళీ బరువును నమ్ముకోకండి. ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం, అంటే హిచ్ మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తక్కువైతే వెనక ట్రైలర్ ఊగుతుంది. టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) మీది పేరు, ఫ్రేమ్ మీది విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) సరిచూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి.

నా లెక్కలో ఇది కొనదగ్గ ట్రైలరే. టైర్లకు, రూఫ్ సీలింగ్‌కు అయ్యే ఖర్చు తగ్గిస్తేనే. అడిగిన ధరకైతే నేను తీసుకోను. మా ఫ్రెండ్ ఇప్పుడు లోపల అదే మాట్లాడుతున్నాడు. బేరం కుదిరి కొత్త టైర్లు వేయించాక, 50 మైళ్లు నడిపి ఆపి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించుకోమని చెప్పాను.