పాప దసరా సెలవులు ఎవరింట్లో?

శ్రోతలకు నమస్కారం.

నేను మీడియేటర్‌ని, అంటే తగువు పడ్డ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే మధ్యవర్తిని. తిథులు, వర్జ్యాలు ఉండే మామూలు తెలుగు క్యాలెండర్ ఒకటి మా మీడియేషన్ గదిలో గోడకు ఉండేది. ఒకరోజు దాన్ని మేకు నుంచి తీసి బల్ల మీద పరిచాను. బల్లకు అటు భార్య, ఇటు భర్త. విడిపోవాలని ఇద్దరూ తేల్చుకునే వచ్చారు. తగువంతా ఏడేళ్ల పాప గురించే. "పాప నా దగ్గరే ఉండాలి" అని ఆమె, "నేను తండ్రిని కానా?" అని ఆయన. గంట నుంచీ అదే మాట.

"సరే, ఈ దసరా సెలవుల్లో పాప ఎక్కడుంటే దానికి బావుంటుందమ్మా?" అని అడిగాను.

ఆమె కాసేపు క్యాలెండర్ వైపే చూసింది. "సద్దుల బతుకమ్మ దాకా నా దగ్గర. దసరా రోజు వాళ్ల నానమ్మ దగ్గర. నానమ్మ చేతిలో జమ్మి పెట్టి దండం పెట్టడం దానికి ఇష్టం" అంది.

కోర్టులో వేసే పిటిషన్‌లో ఇలాంటి మాటకు చోటుండదు. మీడియేషన్ ఎందుకు అని ఎవరడిగినా నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

మధ్యవర్తి అనగానే మనకు పెద్దమనుషుల పంచాయితీ తలపుకొస్తుంది. ఇది అది కాదు. పంచాయితీలో పెద్దలు తీర్పు చెబుతారు, "సర్దుకుపోమ్మా" అని ఆడపిల్లనే పంపేస్తారు. మీడియేటర్‌కు తీర్పు చెప్పే అధికారమే లేదు. ఇద్దరినీ కలిపి కూర్చోబెడతాడు, అవసరమైతే విడివిడిగా వింటాడు. అక్కడ అన్న మాటలు గది దాటవు, రేపు కోర్టులో సాక్ష్యంగా వాడరు. ఒప్పందం కుదిరితే రాసుకుని సంతకాలు పెడతారు. కుదరకపోతే కేసు ఆగిన చోటు నుంచే నడుస్తుంది.

రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత అని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే ఉంది. 2013లో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. ఆ తీర్పు ఒక తెలుగు జంట కేసులోనే వచ్చింది. 1999లో పెళ్లి. మర్నాడే ఇరువైపుల పెద్దలు తిట్టుకుని చెప్పులు విసురుకున్నారు. దాంతో కొత్త జంట విడిపోయింది. తర్వాత కేసుల మీద కేసులు. సుప్రీంకోర్టు విడాకులు ఇచ్చేసరికి దాదాపు 14 ఏళ్లు గడిచాయి. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఆ చెప్పులే కళ్లముందు మెదులుతాయి. ఆ రోజు పెద్దల్ని బయట కూర్చోబెట్టి ఆ ఇద్దరితో ఎవరైనా మాట్లాడి ఉంటే ఎంత బావుండేదో!

పరస్పర అంగీకారంతో విడాకులకు, ఏడాదిగా విడిగా ఉన్న జంట అర్జీ పెట్టుకున్నాక మరో ఆరు నెలలు ఆగాలని హిందూ వివాహ చట్టం చెబుతుంది. భరణం, పిల్లల సంగతి నిజంగా తేలిపోయి, కలిసే ఆశ లేనప్పుడు తగిన కేసుల్లో ఆ గడువు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. విడాకుల డిక్రీ కోర్టే ఇవ్వాలి. కానీ అన్నీ ముందే మాట్లాడుకుని వెళ్తే ఏళ్ల తరబడి వాయిదాల టెన్షన్ ఉండదు.

పిల్లల విషయంలో చట్టం బిడ్డ మేలే ముఖ్యం అంటుంది. జడ్జిగారు ఎంత మంచివారైనా ఆ బిడ్డ రాత్రి ఏ దుప్పటి లేకపోతే నిద్రపోదో ఆయనకెలా తెలుస్తుంది? కొట్లాట ముదిరిన కేసుల్లో తండ్రి తన బిడ్డను కోర్టు ఆవరణలోని గదిలో గంటో రెండు గంటలో చూసి వెళ్లిపోతాడు. చాక్లెట్ ఇచ్చేలోపే టైమ్ అయిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషిని మీడియేషన్ పేరుతో కొట్టిన మనిషి ఎదుట కూర్చోబెట్టి ఒప్పించడం తప్పు. భయంతో పెట్టిన సంతకం ఒప్పందం కాదు. అలాంటి పరిస్థితిలో ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మీడియేటర్ దగ్గర కూర్చున్నాక భయం వేసినా, "నేను ఒప్పుకోను" అని లేచి రావచ్చు.

కేసు వేయకముందే మాట్లాడుకోవాలంటే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం.

ఆ పాప తల్లిదండ్రులు నాలుగుసార్లు వచ్చారు. స్కూలు ఫీజు, ఆదివారాలు, సంక్రాంతి, వేసవి సెలవులు అన్నీ రాసుకున్నారు. సంతకాలప్పుడు తండ్రి పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. "పాపకు రాత్రిళ్లు ఆయాసం వస్తుంది. ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టి పంపాలని కూడా రాయండి సార్" అన్నాడు.

"బ్యాగులో మర్చిపోతే? మీ ఇంట్లో ఇంకోటి కొని పెట్టుకోండి" అంది ఆమె. క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక మందు పేరు, ఎన్నిసార్లు పీల్చాలో రాసి ఆయన చేతికిచ్చింది.