బాగ్దాద్‌లో కాల్పులు, వాషింగ్టన్‌లో విచారణ

[తెరపై: 2004 జూన్ 28. బాగ్దాద్ గ్రీన్‌జోన్‌లో ఒక గది, కొద్దిమంది అధికారులు, చేతులు మారుతున్న పత్రం]

వ్యాఖ్యాత: ఇరాక్‌ను ఏడాదికి పైగా ఏలిన అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ సార్వభౌమాధికారాన్ని ఇరాకీలకు అప్పగిస్తున్నారు. ప్రకటించిన తేదీకి రెండు రోజుల ముందే, ఆర్భాటమేమీ లేకుండా. ఆ రోజే ఆయన విమానం ఎక్కి వెళ్లిపోయారు.

కానీ అంతకు ముందు రోజు మరో కాగితం మీద సంతకం చేశారు. అదే సవరించిన ‘ఆర్డర్ 17’.

[తెరపై: ఉత్తర్వు మొదటి పేజీ]

వ్యాఖ్యాత: అందులో ఏముంది? విదేశీ సైనికులను ఇరాక్ పోలీసులు అరెస్టు చేయకూడదు, ఇరాక్ కోర్టులు విచారించకూడదు. ప్రైవేటు భద్రతా సంస్థల సిబ్బందికి కూడా, కాంట్రాక్టు పనిలో భాగంగా చేసిన వాటి విషయంలో, అదే రక్షణ. ఇరాక్ చట్టం చేసి రద్దు చేసుకుంటే తప్ప, ఆ బలగాల్లో చివరి సైనికుడు వెళ్లేదాకా అది అమల్లో ఉంటుంది.

విదేశీ సైన్యాలకు ఇలాంటి మినహాయింపులు మామూలే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 1951 నాటి నాటో ఒప్పందం ప్రకారం సైనికుడు విధి నిర్వహణలో చేసిన నేరాన్ని విచారించే తొలి హక్కు అతన్ని పంపిన దేశానిది. అదే సెలవు రోజున బారులో గొడవపడి స్థానికుడెవరినైనా పొడిస్తే, తొలి హక్కు ఆ గడ్డది. ఉభయులూ బేరమాడి రాసుకున్న లెక్క అది. ఆర్డర్ 17 విషయంలో బేరమే జరగలేదు. ఆక్రమించినవారే రాశారు, వారే సంతకం పెట్టారు. నా అభ్యంతరమల్లా ఇక్కడే.

[తెరపై: బాగ్దాద్ పటం, నిసూర్ కూడలి]

వ్యాఖ్యాత: 2007 సెప్టెంబరు 16. అమెరికా దౌత్య సిబ్బందికి కాపలా కాసే బ్లాక్‌వాటర్ సంస్థ గార్డులు ఈ కూడలిలో కాల్పులు జరిపారు. 17 మంది ఇరాకీలు చనిపోయారు. వారిలో తొమ్మిదేళ్ల బాలుడు కూడా ఉన్నాడు. ఇరాక్ ప్రభుత్వం మండిపడింది. కానీ కేసు నడిచింది వాషింగ్టన్‌లో. 2009 చివర అక్కడి న్యాయమూర్తి అభియోగాలు కొట్టేశారు, పైకోర్టు వాటిని మళ్లీ నిలబెట్టింది. 2014లో నలుగురు దోషులని తేలింది. 2020 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టేశారు. బాగ్దాద్‌లో చనిపోయినవారి కుటుంబాలు ఆ నిర్ణయాన్ని ఏ కోర్టులో ప్రశ్నించాలి?

సైనికుల సంగతి కూడా వేరుగా లేదు. 2005 నవంబరులో హదీసాలో 24 మంది పౌరులు హతమయ్యారు. మొదట ఎనిమిది మంది మెరీన్లపై అభియోగాలు మోపారు. ఒక్కరూ జైలుకు వెళ్లలేదు.

[తెరపై: 2008 నవంబరు, బాగ్దాద్‌లో ఒప్పందంపై సంతకాలు]

వ్యాఖ్యాత: నిసూర్ తర్వాత ఇరాక్ గట్టిగా బేరమాడింది. 2008 ఒప్పందంతో కాంట్రాక్టర్లు ఇరాక్ చట్టం కిందికి వచ్చారు. సైనికులపై మాత్రం దక్కింది తక్కువ. విధుల్లో లేనప్పుడు, స్థావరం బయట, ముందే పథకం వేసుకుని ఘోర నేరం చేస్తేనే ఇరాక్‌కు హక్కు. పైగా ఆ సమయంలో అతను విధుల్లో ఉన్నాడో లేడో ధ్రువీకరించేది అమెరికాయే. అప్పటి ఇరాక్‌లో డ్యూటీ దిగిన అమెరికా సైనికుడు సరదాగా బజారుకు వెళ్లేవాడా ఏమిటి!

అసలు పట్టు 2011లో తెలిసింది. ఒప్పందం గడువు ఆ ఏడాది డిసెంబరు 31. శిక్షణ కోసం కొంత సైన్యాన్ని ఉంచుతామని, చట్టపరమైన రక్షణకు పార్లమెంటు ఆమోదం కావాలని అమెరికా అడిగింది. శిక్షకులు ఉండవచ్చు, రక్షణ మాత్రం కుదరదని ఇరాక్ నేతలు తేల్చేశారు. సైన్యం వెనక్కి వస్తోందని అక్టోబరు 21న ఒబామా ప్రకటించారు. ఆ నిర్ణయానికి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ ఓటు వేయడానికి ఏ ఇరాకీ నాయకుడూ చేయెత్తలేని అంశం ఇదొక్కటే.

[తెరపై: 2011 డిసెంబరు 18, కువైట్ సరిహద్దు దాటుతున్న ఆఖరి వాహన శ్రేణి]

వ్యాఖ్యాత: 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతికి చిక్కింది. అమెరికా సైనికులు మళ్లీ వచ్చారు. మూడేళ్ల క్రితం పార్లమెంటులో దొరకని రక్షణ హామీ, ఈసారి దౌత్య లేఖల్లోనే దొరికింది. పార్లమెంటును ఎవరూ అడగలేదు.