పాఠానికి ఫాంటు పొదగాలా?

సభకు నమస్కారం.

ముద్రణలో తలపండిన వాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి నా అభిప్రాయం దాచకుండా మొదటే చెప్పేస్తాను. ఈ-పుస్తకంలో శీర్షికలకు మీకు నచ్చిన ఫాంటు పొదగండి, అంటే ఫాంటు ఫైలును పుస్తకంలోనే చేర్చి పంపండి, నాకు అభ్యంతరం లేదు. కథ గానీ నవల గానీ వ్యాసం గానీ, అసలు పాఠానికి మాత్రం పొదగకండి.

ఈపబ్ అన్నది ఈ-పుస్తకపు ఫైలు రూపం; చూస్తే జిప్ చేసిన కట్ట. అందులో పాఠం వెబ్ పేజీల రూపంలో ఉంటుంది; దానితోపాటు అక్షరాలు, వరసలు ఎలా కనపడాలో చెప్పే ఒక స్టైల్ షీటు, బొమ్మలు, మనం పెడితే ఫాంటు ఫైళ్లు. ఫలానా ఫాంటు వాడమని స్టైల్ షీటులో రాస్తాం. వినడం వినకపోవడం చదివే యాప్ ఇష్టం. కిండిల్‌లో పాఠకుడు మెనూలోకి వెళ్లి ‘పబ్లిషర్ ఫాంట్’ ఎంచుకుంటే తప్ప మీ ఫాంటు కనపడకపోవచ్చు. ఇంత తంటాలు పడి చూపించినా, చూపు ఆనని పెద్దాయన లావుపాటి అక్షరాలున్న వేరే ఫాంటుకు మార్చుకుంటాడు. ఆయన డబ్బు పెట్టి కొనుక్కున్న పుస్తకం, ఆయన కళ్లు. మనం అడ్డుపడటానికి ఏముంది?

అసలు చిక్కు తెలుగు లిపి దగ్గర మొదలవుతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. ఫైలులో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. తెర మీద కనపడేది గుడి దీర్ఘంతో ఒక స, దానికి తవత్తు, రవత్తు. ప్రతి లిపిలోని అక్షరాలకూ సంకేతాలిచ్చే అంతర్జాతీయ పట్టిక యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 గడులు. వాటిలో వత్తులకు విడిగా చోటు లేదు. ఏ వరస వస్తే ఏ ఆకారం వేయాలో చెప్పే పట్టికలు ఫాంటు లోపల ఉంటాయి. ఆ పట్టికలను చదివి అక్షరాన్ని కూర్చే పని పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ది. ఆ కూర్పు చేతకాని యాప్‌లో ఎంత మంచి ఫాంటు పొదిగినా ఫలితం ఒకటే: పొల్లులు విడివిడిగా, వత్తులు వరసలో నిలబడి, చదవబోతే నోరు తిరగదు. ఆ కూర్పు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞ’తో కూడిన ఒక తెలుగు అక్షర వరస సందేశంలో రాగానే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దుకుంది. ఆ వారం రోజులూ మన లిపికి వచ్చినంత పేరు మరెప్పుడూ రాలేదనుకోండి!

సరే, ఫాంటు బరువు తగ్గించడానికి పుస్తకంలో వాడిన అక్షరాలను మాత్రమే ఉంచి మిగతావి కత్తిరిస్తారు. మొరటు పరికరంతో కత్తిరిస్తే సంకేతం లేని ఆకారాలన్నీ ‘వాడనివి’గా లెక్కలోకి వస్తాయి. అవి ఏవో మీకీపాటికి తెలిసే ఉంటుంది: వత్తులే! కత్తిరించకుండా మొత్తం ఫాంటు పెడితే ఫైలు బరువెక్కుతుంది. కిండిల్‌లో 70 శాతం రాయల్టీ తీసుకునే రచయితకు భారతదేశంలో అమ్మే ప్రతి కాపీ మీద మెగాబైటుకు 7 రూపాయల చొప్పున డెలివరీ ఖర్చు కోత పడుతుంది. మామూలు, బొద్దు, శీర్షిక అంటూ నాలుగు ఫాంట్లు చేర్చే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది. బొద్దు ఫాంటు పెట్టకపోతే మరో తంటా. యాప్ తనే మామూలు అక్షరాన్ని ఉబ్బించి చూపిస్తుంది. మన గుండ్రటి అక్షరాల్లోని ఖాళీలు పూడిపోయి ‘ఘ’కూ ‘ఫ’కూ తేడా పట్టుకోవడం కష్టమవుతుంది.

రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. అంతకుముందు తయారై, ఆ తర్వాత ఎవరూ ముట్టని ఫాంటులో అది ఉండదు. మీ కథలో ధర వచ్చిన చోట డబ్బా కనపడుతుంది, లేదా మరో ఫాంటులోంచి అరువు తెచ్చిన గుర్తు అతికించినట్టు కనపడుతుంది.

లైసెన్సు గురించి ఎక్కువ చెప్పను. కంప్యూటర్‌లో వాడుకోవడానికి కొన్న ఫాంటును ఈ-పుస్తకంలో పెట్టి పంచే హక్కు దానితోపాటే రాదు, చాలా ఫాంట్లకు విడిగా కొనాలి. రామభద్ర, గురజాడ, సురన్న వంటివి ఎవరైనా ఉచితంగా వాడి పంచుకోగల ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి వాటితో ఆ బెడద లేదు. డబ్బు పెట్టి కొన్న ఫాంట్లను కాపాడటానికి ఫాంటు ఫైలులో మొదటి 1040 బైట్లను పుస్తకపు గుర్తింపు సంఖ్యతో ముడిపెట్టి మార్చేసే పద్ధతి ఒకటి ఈపబ్‌లో ఉంది. ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ఫైళ్లలో ఇది మామూలే. తర్వాత ఎవరో ఆ సంఖ్యను సరిదిద్దుతారు, ఫాంటు తెరుచుకోదు. తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పడుతుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పాత డీటీపీ ఫైళ్లు, అంటే ముద్రణ కోసం కంప్యూటర్లో కూర్చిన పేజీలు. పేజ్‌మేకర్‌లో ‘అను’ వంటి ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు మన దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఆ ఫైలులో నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు వేషం కడుతుంది. ఆ ఫాంటునే పొదిగి ఈపబ్ చేస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. ‘అమ్మ’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. నిఘంటువు పనిచేయదు. చూపులేని పాఠకుడు ఫోనుతో చదివించుకోబోతే అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వల్లిస్తుంది. ఫాంటు మార్చుకున్నవాడికి పుస్తకమే మాయమవుతుంది. యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రూఫు దిద్దించడం ఖర్చుతో కూడిన పనే. వేరే దారి లేదు.

పొదగక తప్పని చోట్లు లేకపోలేదు. ౘ, ౙ వంటి అక్షరాలు నిండిన పాత పాఠాలకు, పేజీ అమరిక మారకూడని పిల్లల బొమ్మల పుస్తకాలకు పొదగండి. అప్పుడు కూడా స్టైల్ షీటులో మీ ఫాంటు పేరు తర్వాత ‘సెరిఫ్’ అనో ‘సాన్స్-సెరిఫ్’ అనో ఫాంటు రకం కూడా రాయండి, మీది పనిచేయకపోతే పరికరం తన ఫాంటుతో నెట్టుకొస్తుంది. వరసల ఎడం కూడా మీ ఫాంటుకు అతికినట్టు బిగించకండి. ‘రాష్ట్రం’ కింద వత్తులు పై నుంచి కిందికి దిగి తర్వాతి వరస గుడుల మీద ఎక్కుతాయి.

భోజన విరామంలో నా కంప్యూటర్ ఆ మూల బల్ల మీద ఉంటుంది. మీ ఈపబ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నవాళ్లు రండి. ఫాంటు ఫైళ్లు తీసేసి, తెరిచి చూద్దాం.