నాయన ల్యాప్‌టాప్‌కు కొత్త హద్దులు: అనంతపురంలో ఒక ఆదివారం

అందరికీ నమస్కారం. డబ్లిన్ నుంచి సెలవు మీద అనంతపురం వచ్చి నాలుగు రోజులైంది. ఈ వ్లాగ్‌లో ఇంటికి వచ్చిన ప్రతిసారీ వంటలో, పెళ్లిళ్లో చూపిస్తుంటాను. ఈసారి ఆదివారమంతా మా నాయన ల్యాప్‌టాప్ ముందే గడిచింది కాబట్టి ఆ పనినే మొదటి నుంచి చెబుతాను. ఇలాంటి పాత ల్యాప్‌టాప్ మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. పిల్లలు విదేశం నుంచి వచ్చిన మర్నాడే దాన్ని బీరువాలోంచి తీసి చేతిలో పెడతారు.

నాయన ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే పళ్లెం ఉన్న 500 జీబీ హార్డ్ డిస్క్. అందులో ఉన్న విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు ఒక ఏడాది పొడిగింపు దొరుకుతుంది కానీ, ఆ తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న ముందుకు వస్తుంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లోనైతే ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ కావాలి. కాబట్టి ఆ దారి మాకు లేదు. విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం 4 జీబీ ర్యామ్‌లో చక్కగా నడుస్తుంది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. అదే వేద్దామని నిర్ణయించుకున్నాం.

నిర్ణయం తేలికే కానీ, ఫార్మాట్ అనే మాట వినగానే అమ్మ ముఖం మారిపోయింది. దానికి కారణం ఉంది. మూడేళ్ల క్రితం ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఊళ్లో ఒక దుకాణంలో ఇస్తే, వాళ్లు ఏమీ అడగకుండా ఫార్మాట్ కొట్టి, కొత్తగా విండోస్ వేసి సాయంత్రానికి తిరిగి ఇచ్చారు. “సి డ్రైవ్ ఒక్కటే కొట్టినాము సార్, మీ డి, ఇ డ్రైవ్‌లు అట్లే ఉండాయి” అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లు, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలోని ఫైళ్లు మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లోనే. మా అవ్వ చివరి రెండేళ్ల ఫోటోలను నాయన ఎప్పుడూ కంటి ముందు ఉండాలని డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నారు. అవన్నీ ఆ సాయంత్రం పోయాయి. నేను డబ్లిన్‌లో ఉండి ఫోన్లో ఏమీ చేయలేకపోయాను. ఈ వీడియో చేయడానికి నాకున్న కారణం కూడా అదే.

ఇక్కడ ఫార్మాట్ అంటే ఏం జరుగుతుందో చెప్పాలి. మా నాయన సర్వే శాఖలో సర్వేయర్‌గా పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి ఆయనకు ఆయన భాషలోనే చెప్పాను. క్విక్ ఫార్మాట్ చేసినప్పుడు ఫైళ్లను ఒక్కొక్కటిగా ఎవరూ చెరపరు. ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసిపెట్టిన పట్టికను మాత్రం కొత్తగా, ఖాళీగా రాస్తారు. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన చేనులో పైరు మాయం కాదు. కానీ చేను ఖాళీ అని రికార్డులో రాసుకున్నాక ఇంకొకరు వచ్చి మడక కడితే పాత పైరు మిగలదు. ఫార్మాట్ అయిన వెంటనే ల్యాప్‌టాప్ ఆపేసి ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫోటోలలో చాలావరకు తిరిగి దొరికేవి. దాని మీదే కొత్త విండోస్ వేయడం వల్ల ఆ అవకాశం పోయింది. నాయన కాసేపు మాట్లాడలేదు. “అంటే ఆ పొద్దు సాయంత్రం దాంకా ఉండినాయన్నమాట” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఫోటోలు పోయినట్టు మీకు తెలిసిన క్షణమే ల్యాప్‌టాప్ ఆపేయండి, దాని మీద ఇంకేదీ ఎక్కించకండి. మామూలు హార్డ్ డిస్క్‌లో ఈ ఆశ ఉంటుంది. తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన గదులను తనంతట తానే తుడిచేస్తుంది కాబట్టి అక్కడ ఆశ చాలా తక్కువ.

అందువల్ల శనివారం సాయంత్రమంతా బ్యాకప్‌కే ఇచ్చాం. సుభాష్ రోడ్డుకు వెళ్లి 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొన్నాను. రెండోది నేను డబ్లిన్ నుంచి తెచ్చుకున్నది. కాపీ చేయాల్సినవి డి, ఇ డ్రైవ్‌లు మాత్రమే కాదు. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ మొత్తం, బ్రౌజర్‌లోని బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డ్‌లు, వీటితో పాటు చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. నాయన పాత నోట్సు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనిపించేలా చేసిన యూనికోడ్ రాక ముందటి తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వరుసగా కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో. ఫార్మాట్ కొడితే అవీ పోతాయి. డాక్యుమెంట్లు భద్రంగా దాచుకుని వాటిని చదివే ఫాంటును పోగొట్టుకున్న ఇళ్లు తెలుగునాట చాలానే ఉంటాయని నా అనుమానం.

చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉండడం వల్ల కాపీ రాత్రి పదకొండు దాకా సాగింది. కాపీ పూర్తయిందన్న మాటను నాయన నమ్మలేదు, అది ఆయన వృత్తి నేర్పిన అలవాటు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను నా ల్యాప్‌టాప్‌కు పెట్టించి, ఒక్కో ఫోల్డర్‌లో ఏదో ఒక ఫైలును తానే ఎంచుకుని తెరిచి చూశారు. రెండు ఫోటోలు తెరుచుకోలేదు. మళ్లీ కాపీ చేస్తే సరిపోయాయి. ఆ పరీక్ష చేయకపోతే మాకు తెలిసేది కాదు.

ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని కూర్చున్నాం. నా ల్యాప్‌టాప్‌లో మింట్ ఐఎస్‌ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైలు) దించుకుని, అది చెడకుండా వచ్చిందో లేదో చెప్పే ఎస్‌హెచ్‌ఏ 256 సంఖ్య అధికారిక సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో సరిపోతోందని చూసుకుని, రూఫస్ అనే ప్రోగ్రాంతో ఒక 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడాలి. నాయన ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే దేని నుంచి తెరవాలో అడిగే బూట్ మెనూ వచ్చింది. ఒక్కో కంపెనీకి ఆ మీట ఒక్కో రకంగా ఉంటుంది. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండు సార్లు కనిపించింది. పేరు ముందు యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను తెరిచే కొత్త పద్ధతి) అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కలేదు. లోపలి డిస్క్‌ను తాకకుండానే ఈ కొత్త సిస్టమ్‌ను వాడి చూసుకునే వీలుంది. వైఫై పనిచేసింది, ప్రింటర్ ఒక పేజీ తీసింది, తెలుగు వార్తల సైట్ అక్షరాలు సరిగా కనిపించాయి. డిస్క్స్ అనే ప్రోగ్రాంలో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు తెరిస్తే రీఅలొకేటెడ్ సెక్టార్లు సున్నా అని చూపించింది. పాడైన సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న గళ్ల) స్థానంలో డిస్క్ తన నిల్వలోంచి ఎన్నింటిని వాడుకుందో చెప్పే లెక్క అది. ఆ అంకె రోజురోజుకూ పెరుగుతూ ఉంటే ఫార్మాట్ మీద శ్రమ పెట్టడం కన్నా డిస్క్ మార్చడమే మేలు.

ఆ తర్వాత డిస్క్‌ను ఏయే భాగాలుగా విడగొట్టారో చెప్పే పార్టిషన్ల పట్టిక తెరిచి ఇద్దరం చూశాం. పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది. డిస్క్ మొట్టమొదటి 512 బైట్లలో 64 బైట్లు మాత్రం ఈ పట్టికకు కేటాయించారు; ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి కాబట్టి నాలుగే ప్రైమరీ పార్టిషన్లు పడతాయి. దుకాణం వాళ్లు సిస్టమ్ కోసం ఒకటి, తర్వాత సి, డి, ఇ అని నాలుగూ వాడేశారు. డిస్క్ చివర 20 జీబీ దాకా ఎవరికీ చెందని ఖాళీ మిగిలింది. పట్టికలో ఐదో గడి లేదు కాబట్టి దాన్ని మూడేళ్లుగా ఎవరూ వాడలేకపోయారు. నాయన దాన్ని చూపించి “ఇది పోరంబోకు కదా పాపా” అన్నారు. అనలొకేటెడ్ అన్న మాటకు ఇంతకంటే సరైన తెలుగు మాట నాకు ఇంతవరకు తగల్లేదు.

కొత్త పద్ధతి పేరు జీపీటీ. ఇందులో మామూలుగా 128 పార్టిషన్ల దాకా చోటు ఉంటుంది, పట్టికకు ఒక నకలు డిస్క్ చివరన కూడా ఉంటుంది. మొదటిది చెడితే రెండోది చూసి సరిచేయవచ్చు. రికార్డు ఒకచోట, నకలు ఇంకొకచోట ఉండడం నాయనకు బాగా నచ్చింది. ఇన్‌స్టాలర్‌ను యూఈఎఫ్ఐ దారిలో తెరిస్తే అది జీపీటీ పట్టిక రాస్తుంది. అందుకే బూట్ మెనూలో అంత జాగ్రత్తగా ఎంచుకున్నాం.

ఇంతలో నాయనకు ఒక సందేహం వచ్చింది. “కంపెనీ వాళ్లు 500 అని అమ్మినారు, విండోస్‌లో 465 అని చూపిస్తాండె, ఈడ మళ్లా 500 అంటాంది. ఆ 35 యాడికి పాయ?” ఎక్కడికీ పోలేదు, కొలబద్ద మారింది. డిస్క్ తయారు చేసేవాళ్లు ఒక జీబీకి 100 కోట్ల బైట్లని లెక్కిస్తారు; విండోస్ 1,07,37,41,824 బైట్లను ఒక జీబీ అంటుంది. ఒక సెంటును 48.4 చదరపు గజాలన్నా 435.6 చదరపు అడుగులన్నా స్థలం అదే. ఈ మాట నేను ముగించక ముందే ఆయన కాగితం, స్కేలు తెచ్చుకున్నారు.

సర్వే శాఖ పొలం కొలతల పుస్తకంలో (ఎఫ్ఎంబీ) స్కెచ్ గీసినట్టు ఒక పొడవాటి పట్టీ గీసి, ముందు కాగితం మీద విభజన చేశాం. మొదట బూటింగ్ కోసం 512 ఎంబీ, ఎఫ్ఏటీ 32 అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో. దీన్ని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. తర్వాత సిస్టమ్ కోసం 60 జీబీ, లినక్స్ వాడే ఎక్స్‌టీ 4 పద్ధతిలో. మిగిలిన 439 జీబీ చిల్లర మొత్తం హోమ్ అనే పార్టిషన్‌కు, అదీ ఎక్స్‌టీ 4లోనే. నాయన ఫైళ్లన్నీ, డెస్క్‌టాప్‌తో సహా, ఉండేది ఈ హోమ్‌లోనే. విడిగా తీయమని నేను పట్టుబట్టింది ఇందుకే: రేపు ఎప్పుడైనా సిస్టమ్ మళ్లీ వేయాల్సి వస్తే 60 జీబీల పార్టిషన్ ఒక్కదాన్నే ఫార్మాట్ కొట్టి, హోమ్ ఎదుట ఫార్మాట్ గడిలో టిక్ పెట్టకుండా వదిలేస్తే చాలు. దుకాణంలో జరిగినది ఈ ఏర్పాటులో జరగదు. ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటును స్వాప్ అంటారు; దానికి వేరే పార్టిషన్ ఇవ్వలేదు, మింట్ దానికి ఒక ఫైలు తానే తయారు చేసుకుంటుంది.

ఇన్‌స్టాలర్‌లో మొత్తం డిస్క్ చెరిపేసే సులువైన మార్గం ఒకటి పైన కనిపిస్తుంది. మేము అది వదిలి, ‘సమ్‌థింగ్ ఎల్స్’ అనే చివరి మార్గం తీసుకున్నాం. దానిలోకి వెళ్లే ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు రెండింటినీ తీసేసి బీరువాలో పెట్టించాను. తెర మీద డిస్క్‌ల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని ఒకే రకంగా ఉంటాయి, ఒక్క అక్షరం పొరపాటుగా చూస్తే బ్యాకప్ డిస్క్‌నే చెరిపేస్తాం. కేబుల్ పీకేసిన డిస్క్‌ను ఎవరూ చెరపలేరు. మా తెర మీద మిగిలినవి రెండే: 500107 ఎంబీ అని ఉన్న ఎస్‌డీఏ, 16 జీబీ పెన్‌డ్రైవ్. పరిమాణం చూసి డిస్క్‌ను గుర్తుపట్టాలి, పేరు చూసి కాదు.

సరిగ్గా కొత్త పట్టిక రాయబోతుండగా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఇన్వర్టర్ ఉంది కాబట్టి తెర ఆరిపోలేదు. అయినా కరెంటు వచ్చేదాకా ఆగుదామన్నాను. డేటా ఉన్న పార్టిషన్ మొదలును జరపాలంటే లోపలున్న డేటా అంతా గంటల తరబడి ఒకచోట నుంచి ఇంకొకచోటికి కదలాలి, ఆ మధ్యలో కరెంటు పోతే రెండు వైపులా నష్టమే. మేము పాతవన్నీ తీసేసి కొత్తవి రాస్తున్నాం కాబట్టి పని క్షణాల్లో అయిపోతుంది, ప్రమాదం తక్కువే. అయినా ముప్పావు గంట ఆగాం. ఆగినందుకు నష్టపోయింది ఏమీ లేదు.

కరెంటు వచ్చాక నాయన కాగితం చూసి అంకెలు చదివారు, నేను టైపు చేశాను. మొదట్లో 1 ఎంబీ ఖాళీ మిగిలి ఉండడం ఆయన కంట పడింది. అది లోపం కాదు: ఇప్పటి డిస్క్‌ల లోపలి గళ్లు 4096 బైట్లవి, పార్టిషన్ సరిగ్గా గడి అంచున మొదలవాలని పనిముట్లు ఆ కాస్త చోటు వదులుతాయి. “గట్టు వదిలినట్టు” అని ఆయన కాగితం మీద గట్టు కూడా గీశారు. ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు ఏయే పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో చివరిసారి అడుగుతుంది. ఆ జాబితాను ఇద్దరం గట్టిగా చదివి కంటిన్యూ నొక్కాం.

మిగతాదంతా అరగంట పని. కొత్త సిస్టమ్ తెరుచుకుంది, భాషల జాబితాలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేర్చాను. హోమ్‌లో మాత్రం ఎవరూ ఫైలు పెట్టకుండానే 22 జీబీ దాకా తక్కువ చూపించింది. ఎక్స్‌టీ 4 మామూలుగా నూటికి ఐదు వంతులు సిస్టమ్ కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో అది అవసరం, ఫైళ్లు మాత్రమే ఉండే హోమ్‌లో అంత అక్కరలేదు. ట్యూన్‌టూఎఫ్ఎస్ అనే ఆదేశంతో దాన్ని నూటికి ఒక వంతుకు తగ్గించాను.

సాయంత్రం ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి ఫైళ్లు వెనక్కి వేశాం, ఫాంట్లు కూడా వేశాం. నాయన తన పాత నోట్సు తెరిస్తే అక్షరాలు తెలుగులోనే వచ్చాయి. తాను గీసిన పట్టీ కింద పార్టిషన్ల అంకెలు, తేదీ రాసి, సంతకం పెట్టి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టారు. బ్యాకప్ డిస్క్ ఒకటి ఇక్కడే బీరువాలో ఉంటుంది. రెండోది నా పెట్టెలో సర్దుకున్నాను.