చూస్తే మార్కులు రావు, నోటితో చెప్తేనే వస్తాయి: ట్రక్ ఇన్‌స్పెక్షన్ టెస్ట్

హాయ్ అండీ, ఈ వీడియో అమెరికాలో సీడీఎల్ క్లాస్ ఏ కోసం తిరుగుతున్న మనవాళ్ళకి, అదే, పద్దెనిమిది చక్రాల బండి లైసెన్స్. అందరికీ బ్యాకింగ్ అంటేనే, అంటే బండి రివర్స్ చేయడమంటేనే భయం, ట్రైలర్ ఎటు పోతుందో అని, కానీ టెస్టులో ముందొచ్చేది వెహికల్ ఇన్‌స్పెక్షన్, చాలా చోట్ల అందులో పోతే బ్యాకింగ్ దాకా రానే రానివ్వరు, ఆ రోజుకి ఇంటికే. లర్నర్ పర్మిట్ వచ్చాక ఎలాగూ 14 రోజులు ఆగాలి కదా, ఆ రోజులన్నీ దీనికే పెట్టండి.

మన దగ్గర లారీ క్లీనర్ ఏం చేస్తాడు, రాడ్డు పట్టుకుని టైర్లన్నీ టంగు టంగుమని కొట్టుకుంటూ పోతాడు, సౌండు బట్టే గాలి ఉందో లేదో చెప్పేస్తాడు. ఇక్కడ దాని మీద ఆధారపడకండి, ఊరికే కాలితో తన్నితే మార్కు లేదని స్టేట్ ఇచ్చే సీడీఎల్ పుస్తకం, మాన్యువల్‌లోనే రాసుంది. గేజ్ పెట్టి చూస్తానని చెప్పాలి, ట్రెడ్, అంటే టైరు గాడుల లోతు, అయితే ముందు స్టీర్ టైర్లకి 4/32 అంగుళం, మిగతావాటికి 2/32 తగ్గకూడదని చెప్పాలి.

అసలు కిటుకు ఏంటంటే మీరు చూశారా లేదా అన్నది టెస్ట్ పెట్టే ఎగ్జామినర్‌కి అక్కర్లేదు, పార్ట్ మీద చెయ్యి చూపించి, పేరు చెప్పి, దాంట్లో ఏం చూస్తున్నారో చెప్పాలి. అదీ ఇంగ్లీషులోనే, ట్రాన్స్‌లేటర్‌ని పెట్టుకోనివ్వరు. అందుకే నేను ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టాను: "ప్రాపర్లీ మౌంటెడ్ అండ్ సెక్యూర్డ్, నాట్ క్రాక్డ్, బెంట్ ఆర్ బ్రోకెన్". గొట్టాలొస్తే "నో లీక్స్", టైరొస్తే "నో కట్స్, నో బల్జెస్". మా పాప ఇప్పుడు ఇడ్లీ కుక్కర్ మూతకి కూడా ఇదే చదువుతోంది లెండి. కానీ ఊరికే పాట పాడితే కుదరదు, స్లాక్ అడ్జస్టర్, అంటే బ్రేక్ బిగువు సరిచేసే లివర్, దాని దగ్గర బ్రేక్ రిలీజ్ చేసి చేత్తో లాగితే ఒక అంగుళం కంటే కదలకూడదు అనాలి, ఫిఫ్త్ వీల్, అంటే ట్రైలర్ తగిలించే ప్లేటు, దాని దగ్గర టార్చ్ వేసి వంగి చూసి, పైన గ్యాప్ లేదు, జాస్ (పట్టుకునే దవడలు) కింగ్‌పిన్ (ట్రైలర్ కింది పిన్ను) చుట్టూ మూసుకున్నాయి అనాలి.

ఇప్పుడు ఎయిర్ బ్రేక్, నేను ఫస్ట్ టైమ్ పోయింది ఇక్కడే. చక్రాలకి చాక్స్, అంటే అడ్డు దిమ్మలు, పెట్టుకుని, గాలి ఫుల్లయ్యాక ఇంజిన్ ఆపాలి, కీ మళ్ళీ ఆన్‌లో పెట్టాలి, డ్యాష్ మీద పసుపు నాబు ట్రాక్టర్‌ది, అంటే ముందున్న ఇంజిన్ బండిది, ఎర్రది ట్రైలర్‌ది, రెండూ లోపలికి నొక్కాలి, గాలి గేజ్ ముల్లు నిలకడయ్యాక పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి, గాలి ప్రెషర్ 4 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. నేను కంగారులో పసుపుదొక్కటే నొక్కి, ఎర్రది వదిలేసి నిమిషమంతా దర్జాగా కూర్చున్నా, ముల్లు కదల్లేదు, భలే అనుకున్నా! ట్రైలర్‌కి గాలే పోలేదు, ఇంక దాని లీక్ ఎక్కడ తెలుస్తుంది. పక్కనున్న ఎగ్జామినర్ ఏం మాట్లాడలేదు, టక్కున రాసుకున్నాడు, అంతే, ఎయిర్ బ్రేక్ తప్పితే మిగతాదెంత బాగా చెప్పినా ఫెయిలే.

ఆ తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి దించాలి, 60 దరిదాపుల్లో బజర్, లైట్ రావాలి, కొన్ని మాన్యువల్స్‌లో 55 అని ఉంటుంది, మీ స్టేట్ బుక్‌లో ఏది ఉంటే అదే చెప్పండి. ఇంకా దించితే 20కి 45కి మధ్యలో నాబులు టప్పున బయటికి దూకుతాయి.

సెకండ్ టైమ్ వెళ్ళినప్పుడు రెండు చేతులూ రెండు నాబుల మీద పెట్టి "ఎల్లో, రెడ్" అని గట్టిగా అన్నా, అదే ఆయన నవ్వాడు. సరే, లోడ్ టైమ్ అవుతోంది, ఆఫ్‌సెట్ బ్యాకింగ్ నెక్స్ట్ వీడియోలో, బై అండీ.