పెర్ల్ హార్బర్ దాడి రూజ్‌వెల్ట్‌కు ముందే తెలుసా? చర్చ పూర్తి పాఠం

యాంకర్: డిసెంబర్ 7 వస్తే చాలు, ‘అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అంతా తెలుసు’ అనే వీడియోలు ఫోన్లలో తిరుగుతాయి. నాది ఒకటే ప్రశ్న. 1941లో ఆ ఆదివారం పొద్దున జపాన్ దాడి చేసినప్పుడు, హవాయిలోని అమెరికా నౌకాదళ రేవు పెర్ల్ హార్బర్‌లో ఎనిమిది యుద్ధనౌకలున్నాయి, విమానవాహక నౌక ఒక్కటీ లేదు. ఎందుకు? ముందే తెలిసి దాచారా?

పాత్రికేయుడు: అదేనండీ! అమెరికావాళ్లు జపాన్ రహస్య కోడ్ ఛేదించారు, టోక్యో సందేశాలు చదివారు...

నేవీ మాజీ అధికారి: ఏ కోడ్? ముందు అది చెప్పండి.

పాత్రికేయుడు: పర్పుల్...

మాజీ అధికారి: పర్పుల్ జపాన్ రాయబారుల కోడ్. దాడి ఊసు అందులో లేదు, వాళ్ల రాయబారులకే చెప్పలేదు. నౌకాదళానిది జేఎన్-25. ప్రతి మాటకూ ఐదంకెల సంఖ్య, దాని మీద ఇంకో ఐదంకెల సంఖ్య కూడతారు. ఆ కూడినది తీసేస్తేగానీ అసలు సంఖ్య దొరకదు. ఆ పట్టికలు మారుస్తూనే ఉంటారు. దాడినాటికి చదవగలిగింది బహు కొద్ది...

యాంకర్: సార్, విమానవాహక నౌకలు...

మాజీ అధికారి: వస్తున్నా! వాహక నౌక ఎంటర్‌ప్రైజ్, పసిఫిక్‌లోని వేక్ దీవికి ఫైటర్లు అందించి తిరిగొస్తోంది. 6నే రేవు చేరాలి, వాతావరణం బాగోక ఆలస్యమైంది. దాచాలనుకున్నవాడు 6న రమ్మంటాడా? మిగతా వాహక నౌకల్లో లెక్సింగ్టన్ మిడ్‌వే దీవి దారిలో, సరటోగా అమెరికా తీరంలోని శాన్‌డియాగోలో.

చరిత్ర అధ్యాపకురాలు: సెప్టెంబర్ 24న టోక్యో, రేవును ఐదు భాగాలు చేసి, ఎక్కడ ఏ నౌక ఉందో రాయమని హవాయిలోని హోనలులులో ఉన్న తన కాన్సులేట్‌ను అడిగింది. ఆ సందేశాన్ని అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో చదివారు. రేవులోని నౌకాదళానికి అధిపతి అడ్మిరల్ కిమ్మెల్‌కు పంపలేదు. ఎందుకు...

మాజీ అధికారి: అలాంటి వాకబులు వేరే రేవుల మీదా వచ్చేవి మేడమ్!

అధ్యాపకురాలు: వాకబు వేరు, రేవును ముక్కలుగా గీసుకోవడం వేరు...

పాత్రికేయుడు: మరి ఫోనుండగా అమెరికా సైన్యాధిపతి మార్షల్ ఆ పొద్దున హెచ్చరికను టెలిగ్రాంగా ఎందుకిచ్చారు?

మాజీ అధికారి: ఫోన్ ఎవరైనా వింటారని. సైన్యం రేడియో ఆ పొద్దున హోనలులుకు అందలేదు. మామూలు టెలిగ్రాం కంపెనీకిచ్చారు, దాడయ్యాక చేరింది. ముందే తెలిస్తే ఎలా ఉంటుందో 1942 కొలంబో చూడండి. జపాన్‌వాళ్లు ఏప్రిల్ 1న దాడికి వస్తారని బ్రిటిష్‌వాళ్లకు ఉప్పందింది. నౌకలు సముద్రంలోకి తీశారు. జపాన్‌వాళ్లు రాలేదు. బ్రిటిష్ నౌకలు మాల్దీవుల్లోని అడ్డూ అటాల్‌కు వెళ్లాయి. 5న కొలంబో మీద దాడి. బ్రిటిష్ క్రూయిజర్లు కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ మునిగాయి. మర్నాడు మన విశాఖ, కాకినాడ మీద బాంబులు.

యాంకర్: అంటే విశాఖ సంగతీ ముందే తెలుసా?

మాజీ అధికారి: అది జపాన్ అడ్మిరల్ ఓజావా వేరే దళమండీ, వాహక నౌక రియూజో విమానాలు...

యాంకర్: ప్రేక్షకులు గమనించాలి, విశాఖ కూడా!

అధ్యాపకురాలు: కిమ్మెల్ విషయం తేలలేదండీ. కుట్ర లేదంటే తప్పు లేనట్టు కాదు కదా...

మాజీ అధికారి: చెప్పాను కదా మేడమ్!

యాంకర్: సార్ ఆధారాలతో చెప్పారు, కుట్ర లేదు. కానీ విమానవాహక నౌకల సంగతి అనుమానమే...

మాజీ అధికారి: అనుమానమేంటండీ? వాతావరణం! ఇంకోటి, టార్పెడోలను ఆపే వలలు...

యాంకర్: చిన్న బ్రేక్.

మాజీ అధికారి: రేవు నలభై అడుగుల లోతే, టార్పెడోలు అడుగుకు తగులుతాయని వలలు వేయలేదు, జపాన్ టార్పెడోలకేమో తక్కువ లోతులో పనిచేసేలా చెక్క రెక్కలు...